బండపాటలు

మా ఇంట్లో వాటిని బండపాటలు అంటాం. డెబ్బైల మొదట్లో ఎక్కడో ఇంగ్లండులో, అమెరికాలో జులపాల కుర్రాళ్లు గిటార్లు పట్టుకుని పాడితే, అవి కలకత్తాలో రికార్డులై, ముప్పై ఏళ్లు ఎవరి బీరువాలోనో పడుకుని, చివరికి గోనెసంచుల్లో గోదావరిఖనిలోని మా కంపెనీ క్వార్టరుకు వచ్చాయి. వాటికి రాక్ సంగీతం అనే మర్యాదైన పేరుందని నాకు తెలియక కాదు, నేను ఇంగ్లిష్ టీచర్ని. కానీ మా ఆయన పెట్టిన పేరే నిలిచింది. ఆ పేరు ఒక పొరపాటులోంచి పుట్టింది. బొగ్గుబాయిలో దిగేవాడు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు.

ఈమధ్య బడి సెలవుల్లో అట్టల దుమ్ము దులిపి ఒక్కొక్కటీ మళ్లీ వింటున్నాను. కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. అది చెప్పాలంటే ముందు మా ఆయన సంగతి చెప్పాలి.

ఆయన సపోర్ట్‌మన్. బొగ్గు తీసేశాక పైన మిగిలిన బండ కూలకుండా కింద దిమ్మెలు నిలబెట్టే పని. దిమ్మె పెట్టేముందు ఇనుప రాడ్డుతో బండను కొట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది, డొల్లగా పలికితే కాదు. అందరికన్నా ముందు తను పోయి, కొట్టి, విని, "రాండ్రి" అన్నాకే వెనక ఉన్నవాళ్లు అడుగు పెడతారు. "ఆగు, నేను ముంగట పోత" అనేది ఆయన ఊతపదం. పెళ్లయి కొత్తగా ఈ క్వార్టరులోకి వచ్చిన రోజు, కుడికాలు పెట్టబోతున్న నన్ను గడప దగ్గరే ఆపి, లోపలికి పోయి పైన స్లాబు చూసొచ్చాడు. మంథని నుంచి వచ్చిన మా అక్క ఆ ముచ్చట చెప్పి ఇప్పటికీ నవ్వుతుంది.

ఇంకొకటి కూడా ఆయన దగ్గరే విన్నాను. బండ కూలేముందు మాట్లాడుతుందట. సన్నగా, నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమంటుందట. అది చెవిన పడ్డాక నిలబడి ఆలోచించేవాడు బతకడు. పక్కన ఎవరుంటే వాళ్లను పట్టుకుని లాగి పరుగెత్తాలి, అంతే.

ఇక పొరపాటు. రాష్ట్రం రావడానికి పదేళ్లు ముందు కావచ్చు, ఒక బెంగాలీ ఆఫీసరు రిటైరై బంగ్లా ఖాళీ చేస్తున్నాడు. అక్కడ పనిచేసే మనిషి మా కాలనీవాడే. మొదటి షిఫ్టు దిగి వస్తున్న మా ఆయన్ని దారిలో ఆపి, "బావా, సారు రాక్ రికార్డులన్ని పాత సామాన్లోనికి ఏస్తుండు" అన్నాడు. బాయిలో రాక్ అంటే బండ. ఆఫీసులో రికార్డులంటే ఫైళ్లు. ఏ చోట బండ ఎలా ఉందో, ఎక్కడ పగుళ్లు ఉన్నాయో రాసిపెట్టిన కాగితాలు తూకానికి పోతున్నాయనుకున్నాడు మా ఆయన. ఇంటికి రాకుండా సైకిలు అటే తిప్పాడు. తక్కెడలోంచి లాక్కున్నంత పని చేశాడట.

"గవి పారేస్తరా ఎవలన్న? రేపు లోపట పనిజేసేటోళ్లకు బండ సంగతి ఎవలు జెప్తరు?" అని ఇంటికొచ్చాక కూడా రుసరుసలాడుతూనే ఉన్నాడు.

సంచి విప్పబోతుంటే, "జర పైలంగ తియ్యే, కంపెనీ రికార్డులు" అన్నాడు. నేను మొదటిది తీశాను. అట్ట మీద నలుగురు మగవాళ్లు, నడుము దాకా జుట్టు, ఒకడికి చొక్కా లేదు.

"వీళ్లేనా సర్వేయర్లు?" అన్నాను.

ఆయన గబగబా ఇంకొకటి లాగాడు. దాని మీద ఎర్రటి రాతికొండ ఫొటో. "ఇగో, బండ ఉన్నది కద!" అన్నాడు. అట్టలోంచి నల్లటి పళ్లెం జారి ఒళ్లో పడ్డాక గానీ ఒప్పుకోలేదు. నేను నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుని కూర్చున్నాను. ఆయనకు రోషం వచ్చి అన్నం వద్దన్నాడు. మర్నాడు ఆ బంగ్లా మనిషే ఒక పెట్టె మోసుకొచ్చాడు. "రికార్డులు సదవాల్నంటే గీ మిషిను గావాల్నట బావా. సారు నవ్వుకుంట పంపిండు" అన్నాడు. అప్పటికి కాలనీ అంతా పాకిపోయింది. అవి బండపాటలైపోయాయి.

చౌరస్తా దగ్గర రేడియోలు బాగుచేసే ఆయన ఆ మిషనుకు ప్రాణం పోశాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం మంచం మీద ఇద్దరం కూర్చుని మొదటిసారి పెట్టాం. సూది దిగింది. పాట మొదలవకముందే పెట్టెలోంచి చిటపట, చిటపట. ఇదేం సంగీతమా అని నేను అనుకునేలోపే మా ఆయన "లే!" అని అరిచి నా రెక్క పట్టుకుని లాగాడు. తలుపు, గడప, వాకిలి, ఏదెప్పుడు దాటామో తెలియదు. తులసికోట పక్కన నిలబడి ఉన్నాం. లోపల డ్రమ్ములు మొదలయ్యాయి.

"బండ మాట్లాడింది" అన్నాడాయన.

రికార్డు గీతల్లో దుమ్ముంటే సూది అలా చప్పుడు చేస్తుందని రేడియో ఆయన్ని పిలిపించి చెప్పించాను. విన్నాడు, అర్థమైందన్నాడు. అయినా సూది దించే ప్రతిసారీ ఆయన భుజాలు బిగుసుకునేవి. "దించేముందు జెప్పు" అని లేచి గడప దగ్గరకు పోయేవాడు, పాట అందుకున్నాక వచ్చి కూర్చునేవాడు. నాకు రెక్క నొప్పి చాలా రోజులు పోలేదు. తిట్టుకుంటూనే జండూబామ్ రాసుకున్నాను.

ఎర్రకొండ అట్టదాన్ని ఫస్టు షిఫ్టు అనేవాళ్లం. గిటారు చలికాలం పొద్దున్నే స్కూటరులా రెండుసార్లు దగ్గి మూడోసారి అందుకుంటుంది, ఇక ఆగదు. మొదటి వైపు ఇప్పటికీ బాగుంది. రెండో వైపు సగం పైగా డ్రమ్ములు ఒక్కటే. అప్పుడు నాకు అది శుద్ధ డాంబికం అనిపించేది. మా ఆయన మాత్రం నిటారుగా కూర్చుని వినేవాడు.

"గీడు బండ కొడ్తుండే. కొట్టి ఆగుతుండు, ఇని మల్ల కొడ్తుండు. సూడు" అనేవాడు.

"వాడు బాయి మొహం చూసి ఎరుగడు."

"నువ్వు చూసినవా ఏంది?"

మొన్న మళ్లీ విన్నాను. నిజమే, ఆ కుర్రాడు ప్రతి దెబ్బకూ ముందు ఒక క్షణం ఆగుతున్నాడు. అది వినడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

గొడుగు బొమ్మ ఉన్నది ఏడ్పుగొట్టు రికార్డు. ఆర్గాన్ మోగుతుంటే ఒకడు గొంతు చించుకుంటాడు. నాకు ఎం.ఏ. ఇంగ్లిష్ ఉండీ వరుసగా రెండు చరణాలు అర్థమైతే ఒట్టు. "ఏమంటుండే?" అని మా ఆయన అడిగితే, పరువు పోకుండా "ప్రేమ గురించి" అనేదాన్ని. "గంతగనం ఒర్రుతుండు, పొల్ల ఒప్పుకోలేదా?" అనేవాడు. ఒకసారి పక్క క్వార్టరు అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి, "ఎవలన్న సచ్చిండ్రా బిడ్డా?" అని అడిగింది. పరీక్ష పేపర్లు దిద్ది తల వాచిన రోజున నేను పెట్టుకునేది మాత్రం ఇదే. నా బదులు వాడు ఏడ్చేవాడు, నాకు హాయిగా ఉండేది. ఇప్పుడు వింటే కొంచెం అతిగానే ఉంది. కానీ పారెయ్యను.

మూడోది నీలం అట్టది, చివర్లు చినిగినది. ఒక వైపంతా ఒకటే పాట. మొదట్లో చాలాసేపు ఏమీ ఉండదు, సూది చిటపట తప్ప. తర్వాత నేల కిందినుంచి వచ్చినట్టు లావు గిటారు మొదలవుతుంది. రామగుండం వైపునుంచి దూరంగా బొగ్గు గూడ్సు వస్తుంటే ముందు కాళ్లకు తెలుస్తుంది చూడండి, అలాగ. పాట మధ్యలో పెద్దగా ఏమీ జరగదు. ఎవరూ అరవరు. ఇద్దరికీ ఇష్టమైనది అదే. ముప్పై ఏళ్లు ఆలస్యంగా విన్నందుకు నాకు విచారం లేదు. వాటి కాలంలోనే విని ఉంటే ఫ్యాషన్ కోసం విని మరిచిపోయేదాన్నేమో.

ఏళ్లు గడిచాయి. ఊళ్లో అందరూ సీడీలన్నారు, తర్వాత ఫోన్లన్నారు. మా పెట్టె మాత్రం ఆదివారం ఆదివారం తిరుగుతూనే ఉంది. ఒక ఆదివారం సూది దించుతున్నానని చెప్పడం మరిచిపోయాను. చిటపట మొదలయ్యాక నాలిక కరుచుకుని చూస్తే, మా ఆయన కదల్లేదు. గోళ్లు తీసుకుంటూ తీరిగ్గా కూర్చున్నాడు. అలవాటు పడ్డాడనుకున్నాను. భయాన్ని పాట గెలిచింది అని మురిసిపోయాను కూడా. టీచర్లకు ఇలాంటి వాక్యాలు తొందరగా తడతాయి.

అదే కాలంలో మా ఇంట్లో ఇంకో రకం గొడవలు మొదలయ్యాయి. కుక్కరు కూతలు పెడుతున్నా ఆయన లేవడు. పక్క గదిలోంచి పిలిస్తే పలకడు. "ఏం జెప్పినా పెడచెవిన పెడ్తవు, చెవిటోని ముంగట శంఖం ఊదినట్టున్నది నీతోని" అని నేను రోజూ సణిగేదాన్ని. మొగుళ్లందరూ అంతే అని పక్కింటి అక్క సర్దిచెప్పేది. ఆయన జట్టులోవాళ్లు ఇంటికొస్తే, "వదినా, ఈమధ్య అన్నకు అన్ని బండలు డొల్లగనే ఇనబడ్తున్నయి. ఉన్న దిమ్మెలన్ని మా నెత్తిమీదనే పెట్టిస్తుండు" అని ఎగతాళి చేసేవాళ్లు. వాళ్లతోపాటు నేనూ నవ్వేదాన్ని.

తర్వాత రాష్ట్రం కోసం పెద్ద సమ్మె వచ్చింది. బాయిలు బందయ్యాయి. షిఫ్టు సైరన్ లేక పాలు ఏ టైముకు కాగబెట్టాలో తెలియలేదు. పొద్దున్నే మా ఆయన చౌరస్తాలో టెంటు కింద కూర్చుని నినాదాలిచ్చి వచ్చేవాడు, మధ్యాహ్నం నుంచి పాటలే పాటలు. మా పెళ్లయ్యాక మేమిద్దరం అంత తీరికగా కలిసి ఉన్నది అప్పుడే.

ఆ రోజుల్లోనే ఒకనాడు నీలం రికార్డు తిరుగుతుండగా అన్నాడు. "గీ పాట మొదట్ల గంతసేపు ఖాళీ ఎందుకు పెట్టిండ్రే?"

"ఖాళీ ఏడున్నది? అంత చిటపటనే కద" అన్నాను.

"ఏం చిటపట?"

వేళాకోళం అనుకుని ఆయన వైపు చూశాను. వేళాకోళం కాదు. సూది ఇంకా చప్పుడు చేస్తూనే ఉంది, ఆయన నా మొహం చూస్తున్నాడు. కుక్కరు, పిలిస్తే పలకకపోవడం, డొల్లబండలు, భుజాలు బిగుసుకోకపోవడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఆయన అలవాటు పడలేదు. ఆయనకు వినిపించడం లేదు. లావు గిటారు అందుకోగానే ఆయన కళ్లు దించుకున్నాడు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

ఎత్తక తప్పని రోజు రానే వచ్చింది, సమ్మె విరమించిన రోజు. కాలనీలో ఒకటే సందడి, రేపు పొద్దున్నే డ్యూటీ. అన్ని రోజులు మూతపడి ఉన్న బాయిలోకి అందరికన్నా ముందు పోయి బండ చూడాల్సింది సపోర్ట్‌మన్లు. మా ఆయన బూట్లు తుడిచి పెట్టుకున్నాడు. తర్వాత తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"నీలందాన్ని పెట్టు. నేను గోడ దిక్కు మర్లి కూసుంట. సూది ఎప్పుడు దించేది జెప్పకు. చిటపట ఇనబడంగనే చెయ్యెత్తుత" అన్నాడు.

నేను సూది దించాను. చిటపట మొదలైంది. నాకైతే ఇల్లంతా అదే నిండినట్టుంది. ఆయన వీపు కదల్లేదు. చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. ఎత్తవయ్యా, చెయ్యెత్తు అని లోపల్లోపల మొక్కుకున్నాను. లావు గిటారు మొదలయ్యాక చెయ్యి పైకి లేచింది.

"సూది దించి ఎంతసేపాయె?" అని గోడ వైపే చూస్తూ అడిగాడు.

"ఇప్పుడే" అంటే అయిపోతుంది. రేపు ఎప్పటిలాగే ముందు పోతాడు, "రాండ్రి" అంటాడు, ఆ గర్వంతో ఇంటికొస్తాడు. లేదా రాడు. ఆయన వెనక నడిచేవాళ్లందరి ఇళ్లూ నాకు గుర్తొచ్చాయని రాస్తే బాగుంటుంది. నాకు ఎవరూ గుర్తు రాలేదు. ముందు పోయేది ఈయన, మొదట పడేది ఈయన మీద, అదొక్కటే అనుకున్నాను.

"చానసేపాయె" అన్నాను.

ఇంకోసారి పెట్టమన్నాడు. మళ్లీ అంతే. మూడోసారి లేచి వచ్చి చెవిని పెట్టెకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. అలాగే ఉండి, "ఇగ నేను ముంగట పోరాదే" అన్నాడు. మా ఆయన ఏడవడం నేను మొదటిసారి అప్పుడు చూశాను. ఆ నీలం రికార్డును నేలకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. దానిదేం తప్పు? తీసి అట్టలో పెట్టాను.

పొద్దున్న బాయి మీద జరిగింది ఆయన జట్టువాళ్లు చెబితే తెలిసింది. "అందరున్నరు గద, సాఫ్ జెప్తున్న. బండ మాట్లాడితే నాకు ఇనబడ్తలేదు. ముంగట ఇంకొకల్ను పంపుండ్రి" అన్నాడట. ఒకతను పక్కకు తీసుకుపోయి, "గియ్యాల ఒక్కనాడు నడువు అన్నా, ఎవలకు తెలుస్తది?" అన్నాడట. "బండకు తెలుస్తది" అని అక్కడినుంచి నేరుగా దవాఖానకు పోయాడు. చిన్నప్పుడు చెవులు కారేవని మా అత్త చెప్పేది. దాని ఫలితమే ఇప్పుడు వయసుతో బయటపడిందన్నాడు డాక్టరు. లావు చప్పుళ్లు వినిపిస్తాయి, సన్నవి పోయాయి.

బాయి పైన లాంపు రూములో పని ఇచ్చారు. దిగేవాళ్లకు టోపీ దీపాలు అందివ్వడం, ఎక్కి వచ్చాక తీసుకోవడం. దీపం తీసుకుంటూ కొందరు, "నీ చెవులతోని ఇన్నేండ్లు బతికినం అన్నా" అనేవాళ్లట. కొందరు ఏమీ అనేవాళ్లు కాదట. ఆయన మాటలు తగ్గాయి. రికార్డుల జోలికి రాలేదు. "నువ్వు ఇనుకో. నాకు సగమే ఇనబడ్తది, ఆ సగం ఎందుకు" అన్నాడు. ఆయన డ్యూటీకి పోయాక ఒక్కదాన్నే పెట్టుకునేదాన్ని, కానీ రుచించేది కాదు. శంఖం సామెత బడిలో కూడా నా నోట మళ్లీ రాలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాదే మా ఆయనకు చెవి మిషను వచ్చింది. రెండింట్లో దేనికోసం నేను ఎక్కువ ఎదురుచూశానో చెప్పను. పెట్టుకున్న మొదటి రోజు పొద్దున్నుంచీ చిరాకుపడుతూనే ఉన్నాడు. గిన్నెలు గింత సప్పుడు జేస్తయా అంటాడు, గా పిచ్చుకలకు పనిలేదా అంటాడు. మధ్యాహ్నం మంచం మీద చెరొక వైపు కూర్చున్నాం. నా ఒళ్లో చాట, చాటలో చిక్కుడుకాయలు. పాట పెట్టనా అంటే ఊ అన్నాడు. చేతికి నీలందే వచ్చింది. సూది దించి వచ్చి కూర్చుని కాయ అందుకున్నాను.

"లే!"

చాట ఎటు పోయిందో, కాయలు ఎటు పోయాయో. నా రెక్క ఊడి వచ్చేలా లాగాడు. గడప దాటి, వాకిలి దాటి, తులసికోట పక్కన నిలబడి ఉన్నాం. ఆయన రొప్పుతున్నాడు. లోపల చిటపట ఇంకా వస్తోంది. అది సూది చప్పుడేనని అప్పటికి ఆయనకూ తెలిసిపోయింది, అయినా నా రెక్క వదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏందే, గట్టిగ గుంజిన్నా?"

కాదని తల ఊపాను.

"గిన్ని దినాలు గిది మోగుకుంటనే ఉన్నదా?"

"మోగుకుంటనే ఉన్నది" అన్నాను.

లోపల లావు గిటారు అందుకుంది. కాయలు ఏరుకోవాలని నేను గడప వైపు కదిలాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. నేను ముంగట పోత."

తలుపు పక్కనున్న బూజుకర్ర తీసుకుని లోపలికి పోయాడు. తల ఎత్తి, స్లాబును ఒకసారి కొట్టి ఆగాడు. ఇంకో చోట కొట్టి విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి "రా" అన్నాడు.